నాలుగు వేళ్ల జాగ విడిచి

రాములమ్మ గడప దాటి లోపలికి రాలేదు.

పొద్దున ఏడింటికి వచ్చి అన్న ఇంటి ముందర మెట్టు మీద కూర్చుంది. ఎండ ఆమె పాదాల మీదికి వచ్చి, మోకాళ్లకెక్కి, ఒళ్లోకి చేరినా కదల్లేదు. వదిన వెంకటనర్సమ్మ రెండుసార్లు చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. రెండుసార్లూ చెంబు పెట్టిన చోటే ఉంది. ఆడబిడ్డ తోడబుట్టినవాడి గుమ్మంలో నీళ్లు ముట్టడం లేదంటే దానికి అర్థమేమిటో ఉప్పల్‌లోని ఆ సందులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎదురింటివాళ్లు తలుపు సగం మూసి, మిగతా సగంలోంచి చూస్తున్నారు.

అన్న కొమురెల్లి లోపల మంచం మీద కూర్చుని బీడీ వెలిగించకుండా వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. ఇరవై రెండేళ్లుగా మండలాఫీసులో కావలికారు. సారు జాగ మీదికి పోవాలంటే ముందు నడిచేది అతనే, ఊళ్లో టాంటాం వేసేది అతనే, నోటీసులు అంటించేదీ అతనే. నాలుగు రోజుల కింద నాచారం బండమీది బస్తీలో పదకొండు తలుపులకు నోటీసులు అంటించింది కూడా అతనే. సర్కారు జాగలో అక్రమంగా కట్టుకున్నారు, వారంలో ఖాళీ చేయాలి, చెప్పుకునేది ఉంటే విచారణలో చెప్పుకోండి అని వాటి సారాంశం. పదకొండో తలుపు రాములమ్మది.

ఆ విచారణ రేపు.

బస్తీ వెనక లేస్తున్న వెంచర్‌కు మెయిన్ రోడ్డు మీదికి దారి కావాలి. ఆ దారికి ఈ పదకొండు ఇళ్లు అడ్డం. ఈ సంగతి నోటీసులో లేదు. నోటీసులో లేని సంగతే బస్తీలో అందరికీ తెలుసు.

రాములమ్మ కూతురు రాణి ఆమె పక్కన నిలబడి ఉంది. నాచారంలో మందుబిళ్లలు ప్యాకింగ్ చేసే కంపెనీలో పనిచేస్తుంది. ఈ పూట సెలవు పెట్టింది. రోడ్డు పడుతుందన్న మాట చెవిన పడగానే రెండు నెలల కింద సమాచార హక్కు కింద అర్జీ పెట్టింది ఆ పిల్లే. నిన్న జవాబొచ్చింది. మూడేళ్ల నాటి పంచనామా నకలు. అడుగున మేనమామ సంతకం చూసి తల్లీకూతుళ్లు దాన్ని మడిచి పక్కన పెట్టేశారు. కాగితం వెనక పక్క కూడా అచ్చు ఉందని తెల్లారాకే రాణి చూసింది.

"ఇంకోపాలి సదువుతున్న మామా. ఇను," అంది.

అచ్చు కాగితాల తెలుగు ఆ పిల్ల నోట్లో రాళ్లు నమిలినట్టు పలికింది. "మేము, దిగువ సంతకము చేసిన పంచులము, సదరు స్థలమునకు స్వయముగా వెళ్లి చూడగా, అది ఖాళీ బండ భూమి. అందులో ఎట్టి ఇండ్లు గాని, గుడిసెలు గాని లేవు. చదివి వినిపించగా సరియని ఒప్పుకొని సంతకములు చేసితిమి." ఆగి, కాగితం తిప్పింది. "ఒకటో పంచు కొమురెల్లి. రెండో పంచు ఏలుముద్ర. రాములమ్మ, భర్త సాయిలు, నివాసం బండమీది బస్తీ."

లోపల బీడీ తిరగడం ఆగింది.

"ఒక్క ఇల్లు లేదంట మామా. గా ఇల్లు లేని బస్తీల మా అమ్మ నివాసమంట."

వెంకటనర్సమ్మ ముందుకొచ్చి ఆ కాగితం తీసుకుని, చదువు రాకపోయినా, నల్లటి ముద్ర మీద వేలు పెట్టి చూసింది. ముద్ర మధ్యలో గీతలు సరిగా పడలేదు. అక్కడక్కడ తెల్లటి మచ్చలున్నాయి.

"అది పిండి," అంది రాములమ్మ. పొద్దున్నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే. "గిర్ని నడుస్తుండె. జొన్నలు పడుతున్న, పిండి చేతికి. తుడుసుకోని ఏస్త అంటె, ఏం గాదు రాములూ, గట్లనే ఒత్తు అన్నవ్. నేను ఇంట్లకెళ్లి ఇవతలికి గూడ రాలె. నా ఇంట్ల నిలవడి, నా ఇల్లు లేదని ఒత్తిన."

కొమురెల్లి గడప దాకా వచ్చాడు. మెట్టు దిగలేదు.

"కాయిదం తెల్లగుండె, రాములూ," అన్నాడు. "ఏం రాస్తరో నాకెట్ల ఎర్క?"

"తెల్లకాయిదం మీద ఎందుకు వెట్టినవ్ మామా?"

దానికి అతని దగ్గర జవాబుంది గానీ, అది ఆ గుమ్మంలో చెప్పుకోదగ్గ జవాబు కాదు. పంచనామా అంటే జాగ మీదికి పోవాలి, చూసింది చూసినట్టు అక్కడే రాయాలి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. రోజుకు నాలుగు జాగలుంటే భూములు తనిఖీ చేసే గిర్దావర్ నాలుగు చోట్లకూ ఎండలో తిరగడు. తిరిగినా సాక్ష్యానికి పిలిస్తే ఎవడూ రాడు, వచ్చినవాడు సంతకం పెట్టడు. అందుకని నెల మొదట్లోనే ఒక దస్తా తెల్లకాగితాలు కొమురెల్లి ముందర పెడతారు. అడుగున నాలుగు వేళ్ల జాగ విడిచి సంతకం పెట్టాలి. ఆ నాలుగు వేళ్లు సారు సంతకానికి, ముద్రకు. పై జాగంతా ఎప్పుడు ఏది అవసరమైతే అది రాసుకోవడానికి. రెండో పంచుకు చాయ్ బండివాడో, సైకిల్ పంచర్లవాడో ఎవరు చేతికందితే వాళ్లు. ఆ రోజు ఎవరూ అందలేదు. చెల్లె ఇల్లు దారిలో ఉంది.

కొలువులో చేరిన మొదటి నెల ఒక ముసలి గిర్దావర్ అతని ఎడమ చేతి వేళ్లు కాగితం మీద పెట్టించి నేర్పాడు. పొద్దున తాళం తీయడం, కుండలో నీళ్లు నింపడం, కాగితాల మీద సంతకాలు పెట్టడం. ఇరవై రెండేళ్లలో ఆ మూడింటికీ తేడా ఉందని అతనికి ఎన్నడూ తోచలేదు.

మాట వెంకటనర్సమ్మే అందుకుంది. జరిగిందేదో జరిగింది, ఇప్పుడు తవ్వుకుంటే ఎవరికి లాభమని మొదలుపెట్టింది. కొమురెల్లి కంటిచూపు తగ్గింది, మోకాళ్లు పనిచేయవు. పెద్దాయన తప్పుకుంటే కావలికారు పని కొడుకుకే ఇచ్చే పద్ధతుంది. ప్రశాంత్ పేరు మీద ఫైలు ఎనిమిది నెలలుగా గిర్దావర్ చిదంబరం బల్ల మీదనే ఉంది. ముప్పై ఏళ్లొచ్చినా కిరాయి ఆటో తోలుకుంటున్నాడు. రేపు విచారణలో కొమురెల్లి నోరు జారితే ఫైలు పోతుంది, ఉన్న కొలువూ పోతుంది, జైలు కూడా కావచ్చు. ఇదంతా ఆమె ఏడుపు గొంతుతో చెప్పలేదు. బజారులో బేరం ఆడినట్టు ఒక్కొక్కటీ చెప్పింది.

"ఇల్లు వోతె ఇంకోటి గట్టుకుంటం రాములూ. మా ఎనక అర్ర ఖాళీగనే ఉన్నది. తల్లీబిడ్డలు వచ్చి ఉండున్రి. కొలువు వోతె మల్ల రాదు."

"నీ ఎనక అర్రల నేను వడ్త వదినె," అంది రాములమ్మ. "నా గిర్ని వడ్తదా? సాయిలు గట్టిన గోడ వడ్తదా?"

"గోడలు గోడలంటవ్. మనుషులు వద్దా?"

"నాకు మనిషి లేడు గద. గోడలే ఉన్నయి."

సందులో ఆటో అద్దం తుడుస్తున్న ప్రశాంత్ తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

రాములమ్మ లేచింది. కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకుంది. రాణి చెయ్యి అందిస్తే తోసేసింది.

"రేపు అడుగుతరంట, ఏలుముద్ర నీదేనా అని. ఏం జెప్పాలె అన్న? నువ్వు ఏం జెప్పమంటె అదే జెప్త. ఆ దినం గూడ నువ్వు జెప్పినట్టే జేసిన."

అన్న నోటి వైపు కాసేపు చూసింది. కూతురు వెంట సందు మలుపు తిరిగి వెళ్లిపోయింది. వెంకటనర్సమ్మ చెంబులో నీళ్లు తీసుకుపోయి గోడ పక్కన పారబోసింది. ఆ నీళ్లు మళ్లీ ఎవరూ తాగకూడదన్నట్టు.

*

చిదంబరం అన్నం డబ్బా విప్పుతుండగా కొమురెల్లి అతని గదిలోకి వెళ్లాడు.

నాలుగు ఊళ్ల భూముల సంగతి చేతిలో ఉన్న మనిషి చిదంబరం. ఎవరి మీదా గొంతు లేపడు. అర్జీ పట్టుకుని వచ్చిన ముసలివాళ్లకు కుర్చీ వేయిస్తాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు నెలల తరబడి అదే కుర్చీలో కూర్చుంటారు, అది వేరే సంగతి. కొమురెల్లికంటే పదేళ్లు చిన్న. అన్నా అనే పిలుస్తాడు.

"తిన్నవా కొమురన్నా? మొకం సూస్తెనే తెలుస్తున్నది తిననట్టు. కూసో."

డబ్బా మూతలో అన్నం, చిక్కుడుకాయ కూర వేసి ముందుకు జరిపాడు. వద్దనడానికి కొమురెల్లికి ధైర్యం చాలలేదు. చెల్లె మంచినీళ్లు ముట్టకుండా పోయిన రోజున తను ఆ కూర తింటున్నానని మూడో ముద్దకు గుర్తొచ్చింది. నాలుగో ముద్ద కూడా తిన్నాడు.

చిదంబరం తింటూనే చెప్పుకొచ్చాడు. రేపు విచారణకు వచ్చే డిప్యూటీ కలెక్టర్ మేడం కొత్త మనిషి, పేరు బిందుమాధవి, వచ్చి రెండు నెలలు కాలేదు, ఎవరి మాట వింటుందో ఇంకా ఎవరికీ అంతు చిక్కలేదు. అయినా కాగితం సరిగ్గా ఉంటే ఎవరేం చేయలేరు. కాగితం సరిగ్గానే ఉంది. ప్రశాంత్ ఫైలు తను చూశాడు, అన్నీ ఉన్నాయి, ఒక్క సంతకమే బాకీ. విచారణ అయిన తెల్లారి అది కూడా అయిపోతుంది. చెల్లెకు కూడా అన్యాయం చేయడు. అన్నోజిగూడ అవతల వెంచర్‌వాళ్లకే ఇంకో జాగ ఉంది, అందులో ఒక ముక్క ఇప్పించే పూచీ తనది.

"ఆడ గిర్నికి గింజలు ఎవరు తెస్తరు సారు? ఆడ మనుషులే లేరు."

"వస్తరు. పదేండ్లల్ల ఆడ గూడ సిటీ అయితది," అని చిదంబరం నవ్వాడు. "రేపు నువ్వు జెప్పవలసింది నాలుగే ముక్కలు. జాగ మీదికి వోయినం. సూసినం. రాసినం. సదివి ఇనిపించిన్రు. గంతే."

కొమురెల్లి మూతలో మెతుకులు వేలితో ఒక పక్కకు నెట్టాడు.

"నేను తెల్లకాయిదం మీద వెట్టిన అని జెప్తె, సారు?"

అడిగినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. చిదంబరానికి కోపం రాలేదు. లేచి చేతులు కడుక్కుని, రుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకుని, మూలనున్న ఇనుప బీరువా తెరిచాడు. కీలు ఏడ్చినట్టు చప్పుడు చేసింది. దానికి నూనె వేయమని చిదంబరం నాలుగైదుసార్లు చెప్పాడు, కొమురెల్లి ప్రతిసారీ మరిచాడు.

అడుగు అరలోంచి ఆకుపచ్చ అట్ట తీసి, అందులోంచి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. అంతా తెలుపు. అంచులు కొంచెం పసుపెక్కాయి. అడుగున నాలుగు వేళ్ల జాగ విడిచి, వంకర్లు తిరిగిన అక్షరాలతో, కొమురెల్లి.

"ఇది ఏ యేడుదో నీకు గుర్తుందా? నాకు గూడ లేదు." కాగితాన్ని అరచేత్తో సాపు చేశాడు. "దీని మీద ఏం రాయాల్నో ఇంకా అనుకోలె. పానం బాగలేదు, కొలువు ఇడిచిపెడ్తున్న, నా కొడుకుకు గూడ వద్దు అని రాయొచ్చు. బండమీది బస్తీలోళ్ల తాన లంచం దిన్న అని రాయొచ్చు. ఏది రాసినా అడుగున నువ్వున్నవ్."

కాగితం మళ్లీ అట్టలోకి, అట్ట అరలోకి వెళ్లాయి. ఆ అట్ట మందం కొమురెల్లి చూశాడు.

"నేను మంచోన్ని గావట్టి తెల్లగ ఉంచిన," అన్నాడు చిదంబరం బీరువా మూస్తూ. "డబ్బా జర కడిగి పెట్టు అన్నా."

కొమురెల్లి డబ్బా కడిగి పెట్టాడు.

*

సాయంత్రం ప్రశాంతే తండ్రిని ఆటోలో నాచారం తీసుకుపోయాడు. పారిశ్రామికవాడ గేట్ల ముందు షిఫ్టు వదిలిన జనంలో ఆటో నత్తలా పోతుంటే, ప్రశాంత్ వెనక్కి తిరగకుండా అన్నాడు.

"నాయినా, రేపటి సంగతి నన్ను అడగకు. అడిగితె కొలువు గావాలనే అంట. గట్ల అన్నంక అత్త మొకం సూడలేను. అందుకె అడగకు."

కొమురెల్లి అడగలేదు.

గిర్ని నడుస్తోంది. రాములమ్మ ఇంటి ముందు గది అంతా గిర్నే. వెనక ఒక గది, ఒక వంటమూల. బండను పగలగొట్టి సాయిలు పునాది తీసిన రోజుల్లో కొమురెల్లి ఇద్దరు మనుషుల పని చేశాడు, ప్రశాంత్ నిక్కరు వేసుకుని ఇటుకలు అందించాడు. పదిహేనేళ్లయింది. ఆ పదిహేనేళ్ల కరెంటు బిల్లులూ రాములమ్మ గిర్ని వెనక మేకుకు గుచ్చి ఉంచింది. ఈ వేళ ఆ మేకు ఖాళీగా ఉంది.

డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. కొమురెల్లిని చూసి వరస కొంచెం పక్కకు జరిగింది. దారి ఇచ్చినట్టు కాదు, తగలకుండా తప్పుకున్నట్టు. తలుపుకు నోటీసు అలాగే ఉంది. రాములమ్మ దాన్ని చింపలేదు.

మూడో ఇంటి రాజ్యం డబ్బా చంకన మార్చుకుని, నోటీసు అంచును గోటితో గీకి చూసింది.

"మంచిగ అంటించినవ్ కొమురన్నా. నిన్న వానొచ్చినా ఊడలె. లై ఏ పిండితో వండినవ్?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆ పిండి ఈ గిర్నిలో పట్టిందే. నెలకోసారి చెల్లె పంపే సంచిలోంచే వెంకటనర్సమ్మ రెండు గుప్పిళ్లు తీసి నోటీసులంటించే లై ఉడికించి ఇచ్చింది. రాజ్యానికి ఆ సంగతి తెలిసే అడిగిందో, ఊరికే అడిగిందో కొమురెల్లికి తెలియలేదు.

రాములమ్మ అతన్ని చూసింది. గిర్ని ఆపలేదు. ఆ చప్పుడులో మాట్లాడాలంటే అరవాలి. అరిచి చెప్పుకునే మాటలు కావు. రాణి పీట తెచ్చి వేసింది. అతను కూర్చున్నాడు. చెల్లె గింజలు పోస్తోంది, పిండి ఎత్తుతోంది, పైసలు తీసుకుని డబ్బీలో వేస్తోంది. కనురెప్పల మీద పిండి. చేతుల మీద పిండి. బొటనవేలు తెల్లగా ఉంది.

వరస అయిపోయేదాకా కూర్చున్నాడు. ఆఖరి డబ్బా వెళ్లిపోయాక కూడా ఆమె గిర్ని ఆపలేదు. గింజలేమీ లేకుండానే రాళ్లు తిరుగుతున్నాయి. అప్పుడు అర్థమైంది అతనికి, తను వెళ్లేదాకా అది ఆగదని.

*

విచారణ మండలాఫీసు హాల్లో పెట్టారు. పదకొండు ఇళ్లవాళ్లూ వరండా బెంచీల మీద కూర్చున్నారు. మొదటి పిలుపు రాములమ్మదే, పంచనామాలో ఉన్న పేరు కాబట్టి.

బిందుమాధవి నలభై దాటని మనిషి. ముఖంలో దయా లేదు, దురుసుతనమూ లేదు. ఆమె వెంట వచ్చిన గుమాస్తా త్రిమూర్తులు పక్క బల్ల దగ్గర మాటలు రాసుకుంటున్నాడు. చిదంబరం తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొమురెల్లి అతని వెనక, ఎప్పుడూ నిలబడే చోట.

రాములమ్మ సంచి బోర్లించింది. కరెంటు బిల్లుల కట్టలు బల్ల మీద పడ్డాయి. ప్రతి బిల్లుకూ నడుమ మేకు గుచ్చిన తూటు. కొంచెం పిండి కూడా రాలింది. బిందుమాధవి రెండు మూడు తిప్పి చూసింది.

"బిల్లు కరెంటోళ్లది మేడం, జాగ మనది," అన్నాడు చిదంబరం మెల్లగా.

ఆమె విన్నదో లేదో తెలియలేదు. పంచనామా తీసి రాములమ్మ వైపు తిప్పింది.

"ఈ వేలిముద్ర నీదేనా?"

"నాదేనమ్మ."

"వేసే ముందు చదివి వినిపించారా?"

"ఏం సదువుతరమ్మ. కాయిదం తెల్లగుండె."

త్రిమూర్తులు కలం ఆగింది. బిందుమాధవి కాగితం మీద ఒక చోట, "నివాసం బండమీది బస్తీ" అన్న మాటల కింద, పెన్సిల్‌తో సన్నగా గీత గీసింది.

"ముద్ర ఎవరు వేయించుకున్నారు?"

రాములమ్మ తల తిప్పింది. చిదంబరాన్ని దాటి, అతని భుజం వెనకనున్న అన్నను చూసింది. నిన్న మెట్టు మీద చూసినట్టే చూసింది. ఏం చెప్పమంటావో చెప్పు అన్నట్టు. మీద ఫ్యాను తిరుగుతుంటే బిల్లుల అంచులు లేచి పడుతున్నాయి.

"యాదికి లేదమ్మ," అంది రాములమ్మ. "గిర్ని నడుస్తుండె. మొకం సూడలె."

ఇల్లు దక్కించుకునే ఒక్క మాటా ఆమె నాలుక చివర దాకా వచ్చి, అన్న పేరును తాకి, వెనక్కి పోయింది. అది ఆ గదిలో ఇద్దరికే తెలుసు. కాదు, చిదంబరానికీ తెలుసు. అతను చేతులు విప్పి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె బిల్లులు ఏరుకోలేదు. అలాగే వెళ్లి వరండా గుమ్మం దగ్గర నిలబడింది.

"కొమురెల్లి," అని పిలిచాడు త్రిమూర్తులు.

అతను వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. త్రిమూర్తులుకు ఇంకా పది పేర్లు మిగిలి ఉన్నాయి, మధ్యాహ్నం దాటుతోంది. సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి బల్ల చివర పెట్టి, దాని మీద కలం పెట్టాడు.

"మేడం అడుగుతారు, నువ్వు చెప్పు. అదంతా నేను తర్వాత పైన శుభ్రంగా రాసుకుంటాను. మళ్లీ నిన్ను పిలవక్కర్లేకుండా కింద సంతకం పెట్టేసెయ్. కొంచెం జాగా వదిలి పెట్టు, మేడం సంతకానికి."

అందులో అతనికి ఏ ఎత్తుగడా లేదు. రోజూ అనే మాటే అన్నాడు.

కొమురెల్లి వంగాడు. ఎడమ చెయ్యి దానంతటదే కాగితం అడుగుకు పోయి నాలుగు వేళ్లు ఆనించింది. కుడి చెయ్యి కలం అందుకుంది. కలం మొన వేళ్ల పైన సరిగ్గా పెట్టవలసిన చోట ఆనింది. ఇరవై రెండేళ్ల అలవాటుకు కళ్లు కూడా అక్కర్లేదు.

అక్కడ ఆగాడు. గుమ్మం దగ్గర రాములమ్మ ఆ నాలుగు వేళ్లనే చూస్తోంది.

ఎడమ చెయ్యి తీసేశాడు. కలం పైకి, ఇంకా పైకి, కాగితం తల దగ్గరికి తీసుకుపోయాడు. నాలుగో తరగతి తర్వాత పేరు తప్ప ఇంకేదీ రాయలేదు. మొదటి అక్షరానికే చాలాసేపు పట్టింది.

"అక్కడ కాదయ్యా. కింద."

"మీద జాగ ఉంటె ఎవరన్న రాస్తరు సారు," అన్నాడు కొమురెల్లి తల ఎత్తకుండా.

త్రిమూర్తులు కాగితం లాక్కోబోయాడు. బిందుమాధవి చెయ్యి ఎత్తింది.

"రాయనివ్వండి."

కలం గీకుతూ పోయింది. నా పేరు కొమురెల్లి. కాయిదం తెల్లగుండె. జాగ మీదికి ఎవరు పోలె. నా చెల్లె ఏలుముద్ర నేనే ఏపిచ్చిన. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. వరసలు ఎగుడుదిగుడుగా, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, మధ్యలో ఇంకో మాట పట్టే సందు లేకుండా. బిందుమాధవి తలకిందులుగానే చదువుతోంది. గుమ్మం దగ్గర రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాలుగో వరస దగ్గర కొమురెల్లికి తేలికైంది. ఇంటి మాట చెప్పేశాడు. ఇక ఏమైతే అదైంది.

"ఇలాంటివి ఎన్ని పెట్టావు?" అని అడిగింది బిందుమాధవి.

కలం ఆగింది.

ఇంతవరకు అతని తలలో ఉన్నది ఒక్క ఇల్లే. నెలకో దస్తా. ఏడాదికి పన్నెండు. ఆ కాగితాల మీద ఏ ఇల్లు లేదని రాశారో, ఏ పొలం ఎవరిదని రాశారో, ఏ బావి ఎండిందని రాశారో అతను ఒక్కటీ చదవలేదు. వరండా బెంచీల మీద ప్రతి రోజూ ఎవరో ఒకరు అర్జీ పట్టుకుని కూర్చునేవారు. వాళ్లకు కుండలోంచి మంచినీళ్లు ముంచి ఇచ్చింది అతనే. వాళ్లు తాగి, చల్లగుండు బిడ్డా అని దీవించేవారు.

కిటికీ అవతల బెంచీ మీద పదిమంది అతని వైపే చూస్తున్నారు. వాళ్లలో రాజ్యం ఉంది.

అప్పుడు వినపడింది. పక్క గదిలోంచి, ఏడ్చినట్టు, సన్నగా. నూనె వేయని కీలు.

కొమురెల్లి తల తిప్పాడు. తలుపు పక్కన చిదంబరం లేడు.

"చెప్పు. ఎన్ని?"

"ఎన్నో ఎర్క లేదు మేడం," అన్నాడు. కలం పట్టిన చెయ్యి చాచి గోడ వైపు చూపించాడు. "ఏడున్నయో ఎర్క. ఇంకా తెల్లగున్నయి గూడ ఆడనే ఉన్నయి. బీరువ గిప్పుడే తెరిసిన్రు."

త్రిమూర్తులు గోడ వైపు చూశాడు. తర్వాత మేడం ముఖంలోకి చూసి, చూపు బల్ల మీదికి దించుకున్నాడు. అవతల కాగితాలు గుంజుతున్న గరగర.

ఆ గది ఇక్కడికి పది అడుగులు. బిందుమాధవి చేతిలో పెన్సిల్‌ను కరెంటు బిల్లుల మీద పెట్టింది. దాని మొనకు కొంచెం పిండి అంటింది.

బీరువా మూసుకున్న చప్పుడు ఇంకా రాలేదు. ఆమె ఇంకా కుర్చీలోంచి లేవలేదు.